శెనక్కాయలు ముందు

కడప సభలో మూడు రోజులు ఫ్యాను కింద కూర్చొని
ఆటల పరిచర్యకు ఏడు సూత్రాలు రాసుకున్నాం.
ప్రతి వాక్యం చివరా ఒక "వలెను".
ఎర్రగుంట్లకు తెచ్చి
చర్చి వెనక సామాన్ల గది గోడ మీద
నీలం పెయింటుతో రాయించినాను.
నిచ్చెన దిగుతా పెయింటరు ఓబులేసు అడిగినాడు:
"ఇన్ని వలెనులు రాయిస్తివి, వల యాడ సా?"

నిజమే, వల లేదు.
రెండు పాత రైలుపట్టా ముక్కలు పాతి
గుడ్డలారేసే నైలాను తాడు కట్టినాం.
బంతి తాడు మీద పోయిందో కింద పోయిందో
కొట్టినోడు చెప్పాల్సిందే.
మొదటి సూత్రం అట్ల మా మైదానంలోకి వచ్చింది,
డబ్బుల్లేక.

గీతలకు సున్నం కొనలేదు.
బర్నబా వాళ్ళ నాయన నాపరాళ్ళ పాలిష్ కాడ పని.
ఆ తెల్లపొడి గోతాంలో మోసుకొచ్చి
రోజూ వాడే గీస్తాడు,
మోచేతుల దాకా బూడిదబాతు మాదిరి తెల్లగై.
వాడి సర్వీసు తాడు దాటేది
పదింట్లో మూడుసార్లు.

సాయంత్రం ఆట అయినాక ప్రార్థన,
ప్రార్థన అయినాక రాహేలమ్మ ఉడకేసిన శెనక్కాయలు.
మొదటి ఏడాదంతా ఆమెన్ ఎంత గట్టిగా వినబడేదో!
నాకు గుండె నిండేది.
ఒకనాడు కళ్ళు తెరిచి చూస్తినా,
ఇరవై రెండు జతల కళ్ళూ
గంప మీదనే ఉన్నాయి.
మస్తాన్‌వలి పెదాలు కదిలిస్తా
దోసిలి పట్టుకొని తయారుగా ఉన్నాడు.

రాహేలమ్మ గంప మీద తడిగుడ్డ సర్దుతా అనింది:
"ఆకలి చెప్పించే ఆమెను పైకి పోదు నాయనా,
ఈ గంపలోనే పడతాది."

మరుసటి దినం నుంచి శెనక్కాయలు ముందు.
తిన్నాక పోయేవాళ్ళు పోవచ్చు,
ఎందుకు పోతున్నావని అడగను.
మొదటి దినం మిగిలినోళ్ళు నలుగురు.
అందులో ఒకడు
బంతి లోపల పెట్టి తాళం వేసేదానికి నిలబడినోడు.
నెల రిపోర్టులో "నలుగురు" అని రాస్తే
కడప నుంచి ఫోను:
"పక్కన సున్నా మరిచినావేమో చూడు బ్రదర్."
గంపలో తొక్కలు తప్ప ఏమీ లేవు.
"మరవలేదు అయ్యగారూ" అన్నాను.

ఇంత చెప్పుకున్నాను గదా, ఇంక ముద్దనూరు సంగతీ చెప్పాల.

గోడ మీద నాలుగోది:
వారమంతా వచ్చిన ప్రతివాడును ఆడవలెను.
మూడో సెట్టు. పదమూడు, పదమూడు.
బర్నబా అప్పటికే చెప్పులు విడిచి
ఒకదాని మీద ఒకటి పెట్టి
గీత బయట నిలబడినాడు.
నేను వాడి పక్కకు చూడలేదు.
చూడకుండా ఉండేదానికి
ఆకాశంలో సిమెంటు ఫ్యాక్టరీ పొగ చూసినాను.
గెలిచినాం.
కప్పుకు బంగారు రంగు, లోపల ప్లాస్టిక్కు.
ఫోటోలో వాడు ఆ చివర,
చేతులు తెల్లగా, నవ్వుతానే ఉన్నాడు.

ఆ రాత్రి మూడో షిఫ్టు సైరన్ దాకా మేలుకొనే ఉన్నా.
ప్రార్థన చేద్దామంటే
నా నోట్లో నుంచి అన్నీ వలెనులే వస్తున్నాయి.

తెల్లారి పోయేసరికి
వాడు గోతాం విప్పుతున్నాడు.
"తప్పు నాది రా" అన్నాను.
"ఈ పొద్దు మొదటి సర్వీసు నీదే" అన్నాను.
తలెత్తలేదు.
"గీత అయిపోనీ సా."

దారం ఒక కొస నా చేతికిచ్చినాడు.
రెండో కొస మేకుకు చుట్టి
దారి చూపినాడు: వెనక్కి.
ఇంకా వెనక్కి.
ఇంకొంచెం.

గోడ తగిలేదాకా జరిగినాను.

ఇంటికి పోయి చొక్కా విప్పితే
వీపున నీలం పెచ్చులు.
ఏ వలెనువో
తెలియలేదు.